శిబిర ప్రాంగణమే ప్రథమ పాఠము

(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



యువజనులకు పర్యావరణ విద్య గరపు శిబిర స్థలమును తిరిగి తీర్చిదిద్దు విషయమై నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. ఇట్టి పని తలపెట్టగానే నేలనంతయు చదును చేయించి, ప్రహరీ కట్టించి, సిమెంటు పరచిన చాలునని పలువురు భావింతురు. చూపునకు అది శుభ్రముగనే యుండును. కాని నీటిని పొదుపు చేయుడని బోధించు చోటనే వాననీరు వృథాగా పోవుచుండిన, ఆ బోధను ఏ విద్యార్థి నమ్మును?

ఒక లెక్క చూతము. రెండెకరముల నేలపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన, సుమారు 80,000 లీటర్ల నీరు పడును. దీనిలో ఎంత ఇంకునో, ఎంత పారిపోవునో చాలవరకు మన ఏర్పాటుపై ఆధారపడియుండును.

కనుక వాన కురియునపుడే స్థలమును పరిశీలించి, నీటి నడకను గుర్తింపవలెను. చెరువునకు నీరు చేర్చు కాలువ ఆ స్థలము గుండా పోవుచున్నచో దానిని పూడ్చరాదు. పూడ్చిన నష్టపడునది ఆయకట్టు రైతు. వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వించి, ఆ మట్టిని దిగువ వైపున గట్టుగా వేయవలెను. మరుగుదొడ్ల గుంతలు త్రాగునీటి బావికి దూరముగా, దిగువగా నుండవలెను. బాలికలకు వేరు మరుగుదొడ్లు, నీటి వసతి లేనిచో తల్లిదండ్రులు వారిని శిబిరమునకు పంపుటకు సంకోచింతురు.

సర్కారు తుమ్మను నరికిన మోడు మరల చిగురించును, వేళ్ళతో పెకలింపవలెను. ఆ కట్టెను వంటచెరకునకు దానిపై ఆధారపడిన పేదల కిచ్చుట న్యాయము. ఆ తావున వేప, కానుగ, చింత, నేరేడు నాటింపవచ్చును. 1950 నుండి మన దేశమున వనమహోత్సవములు జరుగుచున్నవి. నాటుట ఒకనాటి పండుగ. నీరు పోసి పశువుల నుండి కాపాడుట ఏండ్ల పని. అందుచేత ప్రతి మొక్కకును బాధ్యులను ముందే నిర్ణయింపవలెను.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, భూసంరక్షణ, చిన్న నీటిపారుదల, సామాజిక అడవుల పెంపకము మున్నగువానిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలు జీవవైవిధ్య సంఘముల నేర్పరచి, ప్రజా జీవవైవిధ్య పట్టికలను సిద్ధపరుపవలెను. ఊరి గొఱ్ఱెల కాపరులును, వృద్ధ స్త్రీలును చెట్ల పేర్లు, గుణములు చెప్పగా, శిబిరమునకు వచ్చిన యువకులు, యువతులు వ్రాసికొందురు గాక.

తొలకరికి ముందే ఈ విషయమును గ్రామసభ ముందుంచి, పనుల క్రమమును నిర్ణయింపుడని ప్రార్థించుచున్నాము.