సంకల్పము – స్క్రిప్టు
(భిలాయిలో చేసిన ప్రసంగ పాఠము)



నేను సాహిత్యము చదివినవాడను. ఇంజనీర్ల నగరమైన భిలాయిలో కంప్యూటరును గూర్చి ప్రసంగించుట నావంటివానికి సాహసమే. అయినను డేటాబేసు నడుపువారు పారామీటరు అని పిలుచుదానిని మనవారు పూజాపీఠము ముందు చిరకాలముగా ఎరుగుదురు గనుక ధైర్యము చేయుచున్నాను.

సంకల్పమును చూడుడు. పాఠము స్థిరము, సంవత్సరము, మాసము, తిథి, గోత్రము, నామధేయము మాత్రము మారుచుండును. పురోహితుడు ఆ చోట ఆగి గోత్రమేమని అడుగును. స్క్రిప్టు కూడ అట్టిదే. పలుమార్లు ఇయ్యవలసిన ఆజ్ఞలను ఒక ఫైలులో వ్రాసి, మారెడు చోట ఖాళీ విడుతురు. ఒరాకిల్ వారి ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఆంపర్‌శాండ్ చిహ్నము ప్రక్కన 1, 2 అంకెలు ఆ ఖాళీలకు గుర్తులు. ఫైలు పేరు వెంట విలువలను వరుసగా ఇచ్చినచో అవి ఆయా స్థానములలో చేరును.

దీని ప్రయోజనమునకు మన ఊరే నిదర్శనము. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడినది; అంతవరకు భిలాయి మధ్యప్రదేశ్‌లోనిది. రాష్ట్రము పేరు ఆజ్ఞలలోనే వ్రాసి యుంచినచో అవి యన్నియు తిరగవ్రాయవలసినవే. ఖాళీ విడిచినచో విలువ యొక్కటి మార్చిన చాలును.

అయితే మూడు జాగ్రత్తలు కలవు.

మొదటిది: భిలాయి నగర్ అని ఊరక ఇచ్చినచో భిలాయి మొదటి ఖాళీకి, నగర్ రెండవ ఖాళీకి పోవును. రెండు మాటలను కొటేషను గుర్తుల నడుమ నుంచిననే ఒక్క విలువయగును.

రెండవది: ఒకసారి ఇచ్చిన విలువ ఆ సెషను ముగియువరకు నిలిచియుండును. మరుసటి పర్యాయము విలువ నిచ్చుట మరచినచో యంత్రము అడుగదు, పాతదానినే వాడును. కృష్ణా గోదావరుల మధ్య నుండి వచ్చిన పురోహితుడు, మహానది పరీవాహములోని ఈ ఊరిలోను అలవాటుగా ఆ నదులనే చెప్పినట్లు! ప్రతిసారియు అన్‌డిఫైన్ ఆజ్ఞతో పాత విలువను తొలగింపవలెను. వెరిఫై సదుపాయమును తెరచియుంచినచో విలువ చేరక ముందటి పంక్తియు, చేరిన తరువాతి పంక్తియు కన్పట్టును.

మూడవది మిక్కిలి ముఖ్యము. ఇట్లు చేరుట యనగా అక్షరములను అతికించుటయే. పేరు అడిగిన చోట ఎవరైన పేరుతోపాటు ఒక షరతును చేర్చి వ్రాసినచో అదియు ఆజ్ఞలో భాగమగును; ఒక్కరి జీతపు వివరములకు బదులు అందరివియు బయటపడవచ్చును. గోత్రము చెప్పుమనగా మంత్రమునే మార్చినట్లు! అందుచే బయటివారు విలువ నిచ్చు చోట బైండు వేరియబుల్ వాడవలెను. అందు ఆజ్ఞ వేరు, విలువ వేరు; వచ్చినదెట్టిదైనను విలువగానే గ్రహింపబడును.

కచేరీలో మనము పూరించు ప్రతి ఖాళీ వెనుక ఒకరి జీతమో, పింఛనో ఉండును. ఖాళీని పూరించుట యంత్రమునకు తెలియును. అది ఎవరిదో, నేటిదో నిన్నటిదో చూచుకొనవలసిన భారము సంతకము చేయు మనది.