పాత ఫిల్మ్ కెమెరా ఎక్కడ కొనాలి? పనిచేసేది దొరకాలంటే ఏం చూడాలి?

ఈ మధ్య నాకు వచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువగా ఒకటే ప్రశ్న. "అన్నా, మంచి ఫిల్మ్ కెమెరా ఎక్కడ దొరుకుతుంది? లింక్ పెట్టవా?" అని. లింక్ పెట్టడం రెండు నిమిషాల పని. కానీ పాత కెమెరా విషయంలో లింక్ పెద్దగా పనికిరాదు. కొత్త ఫోన్ అయితే ఒకే మోడల్‌లో లక్ష పీసులూ ఒకేలా ఉంటాయి. 1980లో తయారైన కెమెరా అలా కాదు. ఒకటి బీరువాలో గుడ్డ చుట్టుకుని పడుకుంది. ఒకటి సముద్రం పక్కన తేమలో ఉంది. ఇంకొకటి వారానికి రెండు పెళ్ళిళ్ళు తీసింది. పైన పేరు ఒకటే, లోపల పరిస్థితి మాత్రం దేనిది దానిదే.

అందుకే ఈ ఎపిసోడ్‌లో ఎక్కడెక్కడ దొరుకుతాయో ఒక్కొక్కటిగా చెప్తాను. ఏ చోట దేన్ని నమ్మొచ్చో, దేన్ని నమ్మకూడదో కూడా చెప్తాను. చివర్లో మీ ఫోన్‌తోనే కెమెరాని ఎలా టెస్ట్ చేయాలో చూద్దాం.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఇప్పుడు ఒక కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే వెయ్యి రూపాయలు దాటుతుంది. 36 ఫోటోలు. అంటే ఒక్క క్లిక్‌కి దాదాపు 28 రూపాయలు. షట్టర్ సరిగ్గా తెరుచుకోని కెమెరా కొన్నారనుకోండి, ఆ సంగతి మీకు రీలు కడిగాక గానీ తెలియదు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. కానీ ఆ రీల్లో మీ అక్క పెళ్ళి ఉంటే? ఊరెళ్ళినప్పుడు తీసిన తాతయ్య ఫోటోలు ఉంటే? ఖాళీ నెగటివ్ చేతిలో పెడతారు, అంతే. అందుకే ఇక్కడ "మంచి కెమెరా" అంటే పెద్ద బ్రాండ్ కాదు, చెప్పినట్టు పనిచేసే కెమెరా.

నేను వీడియోల్లోకి రాకముందు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. అక్కడ "టెస్ట్ చెయ్యలేదు" అంటే "పనిచెయ్యదు" అనే లెక్క. కెమెరాలకీ అదే రూల్ పెట్టుకోండి. "అన్‌టెస్టెడ్", "బ్యాటరీ లేక చూడలేదు", "మా మామయ్యది, పనిచేస్తుందనుకుంటా" అని రాసి ఉంటే, చెడిపోయిన కెమెరా ధరే ఇవ్వండి. లేదంటే వదిలేయండి.

ఇక చోట్ల సంగతి. మొదటి చోటు మీ ఇల్లే. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను. అమ్మానాన్నల పెళ్ళయిన కొత్తలో, మీరు పుట్టినప్పుడు ఫోటోలు తీసిన కెమెరా చాలా ఇళ్ళల్లో అటక మీద ఇంకా ఉంటుంది. యాషికా, కొడాక్, అగ్ఫా క్లిక్ త్రీ లాంటివి. బాబాయిని, పెద్దనాన్నని, గల్ఫ్ వెళ్ళొచ్చిన మామయ్యని అడగండి. బ్యాటరీ గది మూత మాత్రం జాగ్రత్తగా తీయండి. ఏళ్ళ తరబడి లోపలే వదిలేసిన బ్యాటరీ కారిపోయి పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు.

రెండో చోటు మీ ఊరి ఫోటో స్టూడియో. నా దృష్టిలో అన్నిటికంటే మంచి చోటు ఇదే. డిజిటల్ రాకముందు మన టౌన్లలో స్టూడియోవాళ్ళు పెంటాక్స్ కే1000, నికాన్ ఎఫ్ఎం10 లాంటి గట్టి కెమెరాల మీదే సంసారాలు నడిపారు. కొందరి దగ్గర అవి ఇంకా షోకేసులోనే ఉన్నాయి. మా ఊళ్ళో ఒక స్టూడియోకి వెళ్తే అక్కడి పెద్దాయన కే1000 తీసి చేతిలో పెట్టారు. "బాబాయ్, దీంట్లో ఏమైనా ప్రాబ్లం ఉందా?" అని అడిగాను. ఆయన కెమెరా వంక చూడకుండానే, "30 నంబరు మీద కొంచెం నెమ్మది, నేనైతే 60 మీద పెట్టి తీసేవాణ్ణి. మీటరు ముల్లు ఎండలో కరెక్టే" అన్నారు. ఇలాంటి సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. దాన్ని వాడిన చెయ్యి మన ఎదురుగానే ఉంది కదా.

ఇక్కడ ఒక్క మాట. ఆయన నన్ను ఐదు వందలు అడిగారు. నేను ఫోన్ తీసి, అదే మోడల్ ఆన్‌లైన్‌లో ఎంతకి అమ్ముతున్నారో చూపించాను. తర్వాత ఇద్దరికీ నచ్చిన రేటు మాట్లాడుకున్నాం. వాళ్ళకి ధర తెలియదని లాగేసుకుని, రీల్స్‌లో "ఐదు వందలకే కొట్టేశా" అని పెట్టడం గొప్ప కాదు ఫ్రెండ్స్. ఆ కెమెరా ఒక ఇంటికి అన్నం పెట్టింది. సరైన ధర ఇస్తే, రేపు డౌట్ వచ్చినా ఆయన గుమ్మం ఎక్కొచ్చు.

మూడోది, పాత కెమెరా షాపులు ఉండే పెద్ద సిటీ మార్కెట్లు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో కూచా చౌదరి మార్కెట్ ఉంది. కోల్‌కతా ఎస్ప్లనేడ్ దగ్గర మెట్రో గల్లీ ఉంది. ఈ షాపుల్లో రేటు కొంచెం ఎక్కువే చెప్తారు. కానీ దగ్గర్లో రిపేర్ చేసే మనిషి ఉంటే ఆ తేడాకి విలువ ఉంది. "సర్వీసింగ్ చేశారా? ఏమేం చేశారు? నెల రోజుల్లో ఆగిపోతే తీసుకుంటారా?" అని అడగండి. ఒప్పుకుంటే బిల్లు వెనకాల రాయించుకోండి. నోటిమాట షాపు మెట్లు దిగేవరకే.

నాలుగోది, మన హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం సంత, ముంబై చోర్ బజార్ లాంటివి. సరదాగా వెళ్ళండి, తప్పకుండా చూడండి. కానీ అక్కడ దేన్నైనా పనిచెయ్యని కెమెరాగానే లెక్కగట్టి కొనండి. తళతళా మెరిసే ఇత్తడి "లైకా" కనపడితే మాత్రం ఆగండి. ఫెడ్, జోర్కి అనే సోవియట్ కెమెరాల మీద లైకా పేరు చెక్కి అమ్మడం ప్రపంచమంతా ఉన్న పాత వ్యాపారం. షోకేసుకి బాగుంటుంది, లైకా ధరకి మాత్రం కాదు.

ఐదోది, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, ఓఎల్ఎక్స్. ఇక్కడ అమ్మేవాళ్ళని ఒక్కటే అడగండి. "ఈ కెమెరాతో ఈ మధ్య తీసిన రీలు ఫోటోలు పంపుతారా?" అని. నిజంగా వాడినవాళ్ళ దగ్గర ఉంటాయి. లేకపోతే వీడియో కాల్‌లో షట్టర్ నొక్కి చూపించమనండి. రెండూ కుదరదన్నవాళ్ళకి అడ్వాన్స్ పంపకండి.

ఆరోది, విదేశాలు. మీ అన్నయ్యో ఫ్రెండో అమెరికాలో ఎంఎస్ చేస్తున్నారా? అయితే ఇది మీకే. అట్లాంటా దగ్గర కేఈహెచ్ అనే పాత కెమెరాల షాపు ఉంది, 180 రోజుల వారంటీ ఇస్తుంది. వాళ్ళ గ్రేడుల్లో "అగ్లీ" అని కూడా ఒకటుంది. అంటే చూడ్డానికి గీతలు, సొట్టలు, పని మాత్రం చేస్తుంది. మనకి కావాల్సింది పనే కాబట్టి అలాంటివీ చూడండి. ఎంపీబీ కూడా అమెరికా, బ్రిటన్, యూరప్‌లో ఆరు నెలల వారంటీతో అమ్ముతుంది. కానీ ఆ వారంటీ అక్కడే ఉంటుంది, విమానం ఎక్కి మీతో రాదు. కాబట్టి కొన్న వెంటనే అక్కడే ఒక రీలు తీయించి, కడిగించి, ఫోటోలు చూశాకే ఇండియాకి తెమ్మనండి. వచ్చే ముందు కస్టమ్స్ రూల్స్ ఒకసారి చూసుకోమనండి.

ఈబేలో జపాన్ అమ్మకందార్లు చాలామంది ఉంటారు. వాళ్ళు "ఎక్సలెంట్" పక్కన ఐదు ప్లస్సులు పెడతారు. ఆ ప్లస్సులు చూసి మురిసిపోకండి. కింద చిన్న అక్షరాల్లో లెన్స్‌లో ఫంగస్ ఉందా, పొగమంచులా మసక ఉందా, మీటర్ పనిచేస్తోందా అని రాస్తారు. చదవాల్సింది అదే. అక్కడి నుంచి పార్సిల్లో తెప్పిస్తే సుంకం, కొరియర్ చార్జీ కలిపే ధర లెక్కేసుకోండి.

మరి ఏ మోడల్? మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా, బ్యాటరీ లేకపోయినా షట్టర్ నడిచే మెకానికల్ కెమెరా. పెంటాక్స్ కే1000 1976 నుంచి 1997 దాకా తయారైంది. దాంట్లో బ్యాటరీ మీటర్‌కి మాత్రమే. ఆఫ్ స్విచ్ ఉండదు కాబట్టి వాడనప్పుడు లెన్స్ మూత పెట్టేయాలి. నికాన్ ఎఫ్ఎం2, యాషికా ఎఫ్ఎక్స్-3 కూడా మెకానికల్ షట్టర్లే. కెనాన్ ఏఈ-1 అందమైన కెమెరా, కానీ బ్యాటరీ లేకపోతే కదలదు. షట్టర్ నొక్కగానే దగ్గినట్టు కీచుమంటే లోపల నూనె ఎండిపోయిందని అర్థం. రిపేర్ చేయొచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

సెలబ్రిటీల చేతుల్లో కనిపించే కాంటాక్స్ టీ2, ఒలింపస్ మ్యూ టూ లాంటి చిన్న ఆటోమేటిక్ కెమెరాలతో జాగ్రత్త. అవి పూర్తిగా ఎలక్ట్రానిక్. కాంటాక్స్ తయారుచేసిన క్యోసెరా 2005లోనే కెమెరాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. బోర్డు పోతే కొత్త పార్టు ఎక్కడి నుంచి తెస్తారు? మొదటి జీతం మొత్తం దాని మీద పెట్టకండి.

ఇప్పుడు టెస్ట్. కెమెరాలో రీలు లేదని చూసుకుని వెనక తలుపు తీయండి. తలుపు అంచుల్లో నల్ల స్పాంజి ఉంటుంది. జిగటగా వేలికి అంటితే అది మార్చాలి, లేకపోతే వెలుతురు లోపలికి కారుతుంది. పెద్ద ఖర్చేం కాదు. తర్వాత లెన్స్‌ని పూర్తిగా తెరిచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. లోపల సాలెగూడులా తీగలు కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళ కెమెరాల్లో ఇది మరీ ముఖ్యం. ముదిరితే గాజు పైపూతనే తినేస్తుంది.

తర్వాత షట్టర్. ఫోన్‌ని స్లో మోషన్‌లో 240 ఫ్రేముల మీద పెట్టండి. కెమెరాని కిటికీ వైపు తిప్పి, వెనక నుంచి వీడియో తీస్తూ షట్టర్ నొక్కండి. ఆ వీడియో ఎనిమిది రెట్లు నెమ్మదిగా ఆడితే, ఒక సెకను షట్టర్ 8 సెకన్లు తెరిచి కనిపించాలి. 1/2 అయితే 4 సెకన్లు, 1/8 అయితే 1 సెకను. ఒక సెకను కాస్తా పది, పన్నెండు దాకా సాగిందంటే లోపల గ్రీజు గట్టిపడింది, సర్వీసింగ్ కావాలి. 1/500, 1/1000 లాంటి వేగాలు ఫోన్‌కి అందవు, అవి రీలే చెప్పాలి.

మీటర్ కోసం ఫోన్‌లో ఏదైనా ఉచిత లైట్ మీటర్ యాప్ పెట్టుకోండి. రెండిటినీ ఒకే గోడ వైపు చూపించండి. నీడలోనూ ఎండలోనూ తేడా ఒకేలా ఉంటే ఫరవాలేదు, సర్దుకుని వాడొచ్చు. ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తేనే సమస్య.

ఇవన్నీ పాసైనా, మొదటి రీలు టెస్ట్ రీలే. వీధి, కుక్కపిల్ల, టీ బండి, ఏదైనా తీయండి. అన్ని వేగాలూ వాడి, ఏ ఫోటో ఏ నంబరు మీద తీశారో రాసుకోండి. అది కడిగి చూశాకే అక్క పెళ్ళికి పట్టుకెళ్ళండి.

ఇంత ఓపిక లేదు, అన్నా అంటారా? పెంటాక్స్ 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్మ్ కెమెరా తెచ్చింది. హాఫ్ ఫ్రేమ్ కాబట్టి 36 రీల్లో 72 ఫోటోలు వస్తాయి. ధర ఎక్కువే, కానీ కొత్తది.

పాతదే కావాలంటే మాత్రం ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఏ ఊరు, ఏ షాపు అన్నది తర్వాత. "దీంతో చివరి రీలు ఎప్పుడు తీశారు?" అని అడిగితే జవాబు చెప్పగలిగే మనిషి దగ్గర కొనండి.

ఈ ఆదివారం మీ అటక ఒకసారి దులపండి. ఏం దొరికిందో నాకు ఫోటో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో రీలు ఎలా ఎక్కించాలో మొదటి నుంచి చూపిస్తాను. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, బై.