ఆరోగ్య విద్యలలో ఉమ్మడి పాఠములు

శ్రీనగర్ కాలనీ వాసులకు పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఇరుగుపొరుగు వంటిది. 1964లో ఎముకల ఆసుపత్రిగా ప్రారంభమై, 1989లో శాసనము ద్వారా విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన ఈ సంస్థను మనము నిమ్స్ అని పిలుచుకొనుచున్నాము. ఒకే ఆవరణములో వైద్యులు ఉన్నత విద్యను, ఇతరులు నర్సింగును, ఫిజియోథెరపీని అభ్యసించుచున్నారు. చదువులు వేరైనను వీరందరు చేరవలసినది ఒకే రోగి మంచము వద్దకు. అట్లయిన వీరికి కొన్ని పాఠములను ఉమ్మడిగా చెప్పరాదా అన్నదే నేటి మా ప్రసంగ విషయము.

పక్షవాతము వచ్చిన రోగిని తీసికొందము. మెదడులోని రక్తనాళము మూసుకొనిపోయినదా, చిట్లినదా అని వైద్యుడు నిర్ణయించును. రోగి సరిగా మ్రింగగలడో లేదో పరీక్షింపనిదే నర్సు నీరు త్రాగింపరాదు. ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోయినచో న్యుమోనియా రావచ్చును. చచ్చుపడిన చేతిని పట్టి లాగక రోగిని ఎట్లు లేపవలెనో ఫిజియోథెరపిస్టు ఎరుగును. ఈ సంగతి తక్కిన వారికి తెలియకున్నచో పగలు చేయించిన వ్యాయామపు ఫలితము రాత్రి పక్క మార్చునప్పుడు పోవును. నష్టపడునది రోగి భుజము.

శరీర నిర్మాణము, శరీర ధర్మములు, సూక్ష్మజీవులు మొదలగు పాఠములు వైద్య, దంతవైద్య, నర్సింగు, ఫిజియోథెరపీ విద్యలన్నింటను ఉన్నవి. 1986లో విజయవాడలో వెలసిన ఆరోగ్య విశ్వవిద్యాలయము ఈ విద్యలను ఒకే గొడుగు క్రిందికి తెచ్చినది. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణమునకు వరంగల్లులో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము ఏర్పడినది. గొడుగు ఒకటే గాని తరగతులు చాలవరకు వేరువేరు. స్వీడన్‌లోని లింషోపింగ్‌లో మాత్రము 1986లోనే వివిధ ఆరోగ్య విద్యల వారికి తొలి వారములలో ఉమ్మడి పాఠములు ఏర్పరచిరి.

పాఠము ఒకటైనను లోతు ఒకటి కాదను ఆక్షేపణ న్యాయమైనదే. శస్త్రవైద్యుడు తొడ నరమును కత్తి తగులకుండ కాపాడవలెను. నర్సు తన సూది ఆ నరమునకు తగులకుండ చూడవలెను. ఇరువురికిని మూలపాఠము ఒకటే, పైపాఠములు వేరు. మరియు అందరిని ఒక పెద్ద హాలులో కూర్చుండబెట్టినంత మాత్రమున ఉపాధ్యాయుని శ్రమ తగ్గును గాని స్నేహము పెరుగదు. ఒకరినుండి ఒకరు, ఒకరిని గూర్చి ఒకరు నేర్చుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించినది. కావున నలుగురైదుగురు వేరువేరు విద్యార్థులను ఒక్క రోగి విషయమై కలిసి ఆలోచింపజేయుట మేలని మేము తలంచుచున్నాము. చేతుల పరిశుభ్రత, మందుల చీటీ చదువుట, రోగితో మాటలాడుట — ఈ మూడింటితో ఆరంభింపవచ్చును.

రోగి బంధువులు వైద్యుని ఒక మాట, నర్సును ఒక మాట అడుగుదురు. రెండు జవాబులును ఒకటైన నాడు వారికి ధైర్యము కలుగును. ఆ ధైర్యమునకు పునాది కళాశాలలోనే పడవలెను.