గడియారాల కింద కలుద్దాం

మెల్‌బోర్న్‌లో దిగి, ప్రయాణంలో పరిచయమైన స్నేహితుణ్ని కలుసుకోవాలా? విమానాశ్రయం నుంచి స్కైబస్ ఎక్కితే సదరన్ క్రాస్ స్టేషన్‌లో దింపుతుంది. అక్కణ్నుంచి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్‌కి ట్రామ్ ఉంది. నగరం నడిబొడ్డున 2015 నుంచి ట్రామ్ ప్రయాణం ఉచితం. ఆ హద్దు దాటితే మాత్రం టికెట్టు తప్పదు.

1910లో పూర్తయిన ఆ పసుపురంగు స్టేషన్ గుమ్మం పైన గడియారాలు వరసగా ఉంటాయి. అవి చూపేది అప్పటి టైము కాదు, ఒక్కో మార్గంలో తర్వాతి రైలు బయల్దేరే టైము. వాటి కింద మెట్ల దగ్గర కలుసుకోవడం ఊరివాళ్లకు తరతరాల అలవాటు.

టైము చెప్పుకునేటప్పుడు ఒక జాగ్రత్త. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మెల్‌బోర్న్ మనకంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. మిగతా నెలల్లో నాలుగున్నర.