కమాను కిర్రుమన్నప్పుడు



మన యింట బియ్యపు బస్తాయో, ఉల్లిపాయల గోనెయో దిగినదన్నచో, దాని వెనుక ఎక్కడో యొక లారీ రాత్రియంతయు నడచియున్నదని యర్థము. ఆ లారీ ఊరి మలుపున గుంటలో దిగి లేచునపుడు, ముందు భాగమునుండి పాత తలుపు తెరచినట్లు కిర్రుమను ధ్వని యొకటి తరచు వినవచ్చును. వినువారు విసుగుకొందురు. నడుపువాడు అలవాటు పడిపోవును. ఆ ధ్వని ఎక్కడ పుట్టును, దానిని ఎట్లు కనుగొనవలెను, ఎట్లు మాన్పవలెను అను విషయములను గూర్చి ఈనాడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

నేనెరిగిన లారీ యజమాని యొకడు కలడు. తన బండిని తానే నడుపుకొనును. ముందు భాగము కిర్రుమనుచున్నదని అతడు బండిని మరమ్మతునకు తీసికొనిపోగా, అక్కడివారు చూచియు చూడక షాక్ అబ్జార్బర్లు రెండును మార్చిరి. ధ్వని మానలేదు. తరువాత ఎవరో చెప్పగా కమాను కట్టలపై వాడిన ఇంజను నూనె పోయించెను. ధ్వని మానెను, అతడు సంతోషించెను. పది దినములకు కిర్రుధ్వని మరల వచ్చెను. అంతేకాదు, బ్రేకు వేసినప్పుడు బండి ఎడమకు లాగసాగెను. ఈసారి విప్పి చూడగా ఎడమ కమాను సెంటరు బోల్టు తెగియుండెను, ఇరుసు వెనుకకు జరిగియుండెను. యు బోల్టులు వదులై ఎన్నాళ్లయినదో! “అయ్యా, బండి ముందే చెప్పిందండీ. నేనే దాని నోరు మూశాను” అని అతడు నాతో అన్నమాటను నేను మరువలేదు.

కనుక ముందుగా ఆ భాగముల నెరుగవలెను. బరువు లారీలలో పెక్కింటికి ముందు ఇరుసు దృఢమైన ఉక్కు దూలము. దానిపై ఇరువైపుల రెండు కమాను కట్టలు ఛాసిస్ భారమును మోయుచుండును. ఒక్కొక్క కట్టలో ఉక్కు పట్టీలు ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. వానినన్నిటిని నడుమ గుచ్చి పట్టునది సెంటరు బోల్టు. కట్టను ఇరుసునకు బిగించునవి యు బోల్టులు. మెయిన్ పట్టీ కొనలు గుండ్రముగా చుట్టబడి, వానిలో బుష్‌లును పిన్నులును ఉండును. సాధారణముగా ఒక కొన బ్రాకెట్టులో నిలుకడగా నుండును. రెండవ కొన షాకిల్ అను చిన్న ఊయెలకు తగిలియుండును.

ఈ ఊయెల ఏల? స్ప్రింగుపై బరువు ఎంత హెచ్చిన, అది ఆ నిష్పత్తిలోనే వంగునని రాబర్ట్ హుక్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించెను. విల్లువలె వంగియున్న కమాను బరువునకు చదునగునప్పుడు దాని కొనలు ఎడమగును. ఆ పెరుగుదలకు చోటిచ్చునది షాకిల్. అదే సమయమున పట్టీలు ఒకదానిపై నొకటి జారును. అనగా, గుంట వచ్చిన ప్రతిసారియు అనేక చోట్ల లోహము లోహముపై కదలుచుండును.

కదలికయంతయు కిర్రుమనదు. కందెన యున్నచోట జారుడు నిశ్శబ్దముగా సాగును. అది ఆరినచోట రెండు తలములు ఒక క్షణము పట్టుకొని, బలము హెచ్చగానే తటాలున జారి, మరల పట్టుకొనును. ఈ పట్టువిడుపులు వెంటవెంట జరిగినప్పుడు ధ్వని పుట్టును. వయొలిన్ తీగపై కమాను చేయు పనియు నిదియే. విద్వాంసుడు తన కమానుకు రోజిన్ రుద్దుట పట్టు కొరకు. మనము లారీ కమానుకు గ్రీజు పెట్టుట జారుడు కొరకు. ఎడ్లబండ్లవారు కందెన గొట్టమును బండికి వ్రేలాడగట్టుకొని పోవుటయు ఈ రహస్యమెరిగియే.

ఇక రోగనిర్ణయము. ఉక్కులో ధ్వని సులభముగా ప్రయాణము చేయును. వినబడినచోటనే పుట్టినదని నమ్మరాదు. అందుచేత మొదట “ఎక్కడ” అని గాక “ఎప్పుడు” అని ప్రశ్నింపవలెను. బండి నిలిచియుండగా స్టీరింగు త్రిప్పినప్పుడు మాత్రమే ధ్వని వచ్చినచో, కింగ్ పిన్నులను, స్టీరింగు కీళ్లను అనుమానింపవలెను. గుంటలో దిగి లేచునప్పుడు వచ్చినచో కమాను పట్టీలను, షాకిల్ పిన్నులను చూడవలెను. బ్రేకు వేయగానే టక్కుమని, పిదప కిర్రుమన్నచో యు బోల్టుల వంక, అరిగిన బుష్‌ల వంక దృష్టి మరల్చవలెను. వాన దినమున మాని, ఎండ కాయగానే మరల వచ్చు ధ్వని పొడి రాపిడికి గుర్తు.

తరువాత నీటి పరీక్ష. ఒకరు బండిని చదరపు నేలపై మెల్లగా నడిపి ముందు చక్రమును ఒక పలుచని పలకపైకి ఎక్కించి దింపవలెను. రెండవవారు ప్రక్కన దూరముగా నిలిచి వినవలెను. బండి నిలిపిన పిదప, ఒక్క పిన్నుపై మాత్రమే నీరు చల్లి మరల ఎక్కించి దింపవలెను. ధ్వని మారనిచో ఇంకొకచోట చల్లవలెను. ఏ చోట తడిసినప్పుడు ధ్వని మారినదో అచ్చటనే దాని పుట్టుక. ఒకేసారి అంతటను తడిపినచో ఏమియు తెలియదు.

చెవి తరువాత కన్ను. యు బోల్టు క్రింద గాని, పట్టీల నడుమ గాని ఎర్రని త్రుప్పు పొడి రాలుచున్నచో, కదలరాని చోట కదలిక యున్నదని తెలిసికొనవలెను. పట్టీలపై మసి తుడిచి పగుళ్లకై వెదకవలెను; సెంటరు బోల్టు రంధ్రము దాపున మరింత శ్రద్ధ అవసరము. ఇరువైపుల బ్రాకెట్టు పిన్నునుండి ఇరుసువరకు కొలిచి చూడవలెను. కొలతలు సమానముగా లేనిచో, ఇరుసు జరిగినదేమో తేల్చుకొనువరకు ఆ బండి రోడ్డెక్కరాదు.

ఒక హెచ్చరిక. కేవలము జాకీని నమ్మి బండి క్రింద దూరరాదు. చక్రములకు దిమ్మలు పెట్టి, ఛాసిస్ క్రింద గట్టి స్టాండ్లు నిలిపిన పిదపనే చేయి పెట్టవలెను. బరువు మీదనున్న కమాను పిన్నును ఊడదీయరాదు. అందు దాగియున్న బలము ప్రాణాపాయకరము.

ఇక చికిత్స. లోహపు బుష్‌లు గల పిన్నులకు గ్రీజు పెట్టునప్పుడు ఛాసిస్‌ను కొంచెము పైకెత్తి భారము తీసివేయుట మేలు. లేనిచో పిన్ను ఒకవైపు బిగిసియుండి, గ్రీజు కావలసినచోటికి చేరదు. నల్లని పాత గ్రీజు వెలువడి, క్రొత్తది కనబడువరకు గన్నుతో కొట్టవలెను. నిపిల్ పూడుకొనియున్నచో దానిని మార్చవలెను. పిన్ను అరిగి బుష్‌లో ఆడుచున్నచో గ్రీజు ధ్వనిని కప్పునే కాని అరుగుదలను పూరింపదు. రెంటిని మార్చవలసినదే.

పట్టీల నడుమ రాపిడియైనచో కట్టను విప్పించి, త్రుప్పు గీకి, తయారీదారు అనుమతించినచో గ్రాఫైటు గ్రీజు పూసి బిగింపవలెను. పైన నూనె పోయుట చవుక; కాని ఆ నూనె దుమ్మును పట్టి ఆకురాయివలె పట్టీలను అరగదీయును. రబ్బరు బుష్‌లకు తగిలినచో వానిని ఉబ్బజేయును. బ్రేకు లైనింగుపై పడినచో బ్రేకు పట్టదు.

యు బోల్టులు వదులైనచో, బండి బరువు కమానులపై నున్నప్పుడు, నాలుగు నట్లను మూలమూలకు మార్చుచు కొంచెము కొంచెముగా, తయారీదారు చెప్పిన కొలతకు టార్కు రెంచితో బిగింపవలెను. ఒకసారి ప్రయాణము చేసిన తరువాత మరల పరీక్షింపవలెను. మెయిన్ పట్టీ పగిలినచో దానికి వెల్డింగు చికిత్స కాదు. వెల్డింగు వేడికి స్ప్రింగు ఉక్కు తన పదును కోల్పోవును. ఆ దాపుననే మరల విరుగును.

గ్రీజు ఖర్చు, ఒక పూట ఆలస్యము చిన్నవి కావని నేనెరుగుదును. నెలవారీ వాయిదాలు కట్టు యజమానికి బండి నిలుచుట నష్టమే. కాని ఘాటు రోడ్డు దిగుచు బ్రేకు వేసిన వేళ ముందు ఇరుసు ఒకవైపునకు తిరిగినచో, ఆ నష్టమునకు లెక్క ఉండదు. క్యాబినులో డ్రైవరును క్లీనరును ఉందురు. ఎదుట ఏ బస్సు వచ్చుచుండునో తెలియదు.

శ్రోతలారా, మన రేడియోలో గరగర వినబడినప్పుడు దానిపై దుప్పటి కప్పము. స్టేషనును సరిగా కలుపుకొందుము. బండి విషయమునను అంతే. కిర్రుధ్వనిని మాన్పుట మన లక్ష్యము కాదు. అది చెప్పుచున్న కారణమును తొలగించుట మన లక్ష్యము. కారణము తొలగినచో ధ్వని తానే మానును.