లక్కలో నిలిచిన గొంతులు

మా ఇల్లు లాలాపేటలో ఉన్నది. ఒకవైపు లాలాగూడ రైల్వే కర్మాగారం. మరొకవైపు తార్నాక దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇంటిలో ఒక గది నిండా పాత గ్రామఫోను రికార్డులు. ఆ గదిలో అడుగుపెట్టినవారు మొదట అడిగే ప్రశ్న "ఇవి ఎన్ని ఉంటవి?" అని. రెండవ ప్రశ్న "అమ్మితే ఎంత వస్తుంది?" అని. "వీటిలో ఏమున్నది?" అని అడిగేవారు అరుదు. నిజానికి అడుగవలసినది ఆ మూడవ ప్రశ్నయే. దానికి నాకు తోచిన సమాధానం నేడు మీకు మనవి చేస్తాను.

ముందుగా వస్తువును గురించి. లాంగ్ ప్లే రికార్డులు రాకపూర్వం, నిమిషానికి 78 మార్లు తిరిగే ఆ నల్లని పళ్ళేలకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. చార్మినారు ప్రక్కన లాడ్ బజారులో గాజులకు వాడే లక్క, భారతంలో దుర్యోధనుడు పాండవులకు ఇల్లు కట్టించిన లక్క, అదే. శుద్ధి చేసిన లక్కలో మెత్తని రాతిపొడి, మసి, కొంత నూలుపీచు కలిపి, వేడిమీద అచ్చు వేసేవారు. ప్రపంచానికి కావలసిన లక్కలో అధికభాగం మన దేశంనుంచే, ముఖ్యంగా చోటానాగపూర్ అడవులనుంచే వెళ్ళేది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో దానికి కరవు వచ్చినది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి లక్క వాడకాన్ని బాగా తగ్గించినది. ప్రజలవద్ద పాత రికార్డులు సేకరించి, వాటిని కరిగించి, క్రొత్తవి చేశారు. ఎన్ని గొంతులు ఆ విధంగా కరిగి మరొక గొంతుకు చోటిచ్చినవో చెప్పగలవారు లేరు.

మన దేశంలో ఈ కథ 1902 నవంబరులో కలకత్తాలో మొదలైనది. ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ అనే ఆయన లండను గ్రామఫోను కంపెనీ పక్షాన వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు పట్టుకొన్నాడు. అచ్చు వేయటం జర్మనీలోని హానోవరు పట్టణంలో. అక్కడి పనివారికి మన భాషలు తెలియవు. అందువల్ల పాట చివర పాడినవారే తమ పేరు గట్టిగా చెప్పేవారు. గౌహర్ జాన్ ఇంగ్లీషులో చెప్పుకొన్న పేరు నేటికీ ఆ రికార్డులలో వినవచ్చును. 1908లో కలకత్తా సియాల్దాలోనే కర్మాగారం వెలసినది. 1928లో అది డండంకు మారినది. 1925 వరకు గాయకుడు ఒక పెద్ద బూరలోనికి బిగ్గరగా పాడవలసి ఉండేది. తరువాత మైక్రోఫోను వచ్చి, మెత్తగా పాడేవారికి కూడ బ్రతుకు కలిగినది.

పది అంగుళాల రికార్డుకు ఒక్కొక్క వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. రంగస్థలంమీద ఒకే పద్యాన్ని పావుగంటసేపు రాగం తీసి, "వన్స్‌మోర్" అనిపించుకొనే మన నాటక గాయకులు, దానిని ఈ కొద్ది నిమిషాలకు కుదించుకోవలసి వచ్చినది. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ విడవాలి అన్న వివేకం అక్కడ తెలిసేది. మన సంగీతానికి ఈ యంత్రం పెట్టిన పరీక్ష అది.

ఇక సినిమాల సంగతి. మన తొలి తెలుగు మాటల చిత్రం హెచ్.ఎం. రెడ్డిగారి "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరిలో విడుదలైనది. నేడు దాని ప్రతి ఎక్కడా లేదు. అప్పటి ఫిలిం నైట్రేటుతో చేసినది. ఇట్టే అంటుకొంటుంది, అంటుకొనకపోతే తనంతట తానే చివికిపోతుంది. ఆ దశాబ్దంలో వచ్చిన మన చిత్రాలలో పలువాటికి ఇదే గతి పట్టినది. బొమ్మ పోయినచోట మిగిలినవి రెండే: థియేటరు వాకిట అమ్మిన పాటల పుస్తకం, పాటల రికార్డు. అందులోనూ ఒక చిక్కు ఉన్నది. తొలిరోజులలో చిత్రంలోని పాటను గ్రామఫోను కంపెనీవారు తమ స్టూడియోలో మరల పాడించుకొనేవారు. ఒక చరణం తగ్గవచ్చును, వాద్యాలు మారవచ్చును. ఒక్కొక్కప్పుడు పాడినవారే మారవచ్చును. కనుక రికార్డు సినిమాకు నకలు కాదు, తోబుట్టువు. రెండూ ఉంటేనే కథ పూర్తి.

రికార్డుమీది కాగితంకూడ అన్నీ చెప్పదు. 1949లో వచ్చిన హిందీ చిత్రం "మహల్" రికార్డుమీద గాయని పేరు "కామిని" అని అచ్చయినది. కామిని ఆ కథలోని పాత్ర. పాట విని మురిసిన శ్రోతలు ఎవరు పాడారని రేడియోకు ఉత్తరాలు వ్రాశారు. గ్రామఫోను కంపెనీని అడిగి తెలిసికొన్న మీదట లతా మంగేష్కర్ అనే పేరు ప్రకటితమైనది. శ్రోతలు అడిగితే ఒక పేరు దక్కుతుంది, అడుగకపోతే పోతుంది. నేను చెప్పదలచిన విషయమంతా దాదాపు ఇందులోనే ఉన్నది.

పరదేశపు బాణీలమీద మోజుకూడ ఈ పళ్ళేలమీదనే మనకు చేరినది. 1945లో బి.ఎన్. రెడ్డిగారి "స్వర్గసీమ"లో భానుమతిగారు పాడిన పావురం పాటకు, 1941 నాటి "బ్లడ్ అండ్ శాండ్" అనే హాలీవుడ్ చిత్రంలోని స్పానిష్ పోకడ పాట ప్రేరణ అని ప్రతీతి. ఘంటసాలగారు భానుమతిగారితో గొంతు కలిపి నేపథ్యగానానికి తొలి అడుగు వేసినదీ ఆ చిత్రంలోనే. అమెరికావారికీ ఇటువంటి మోజే పట్టినది. 1957లో మార్టిన్ డెన్నీ అనే పియానో వాద్యకుడు హవాయి ద్వీపంలో తన బృందంచేత పక్షికూతలు కూడ కూయించి "ఎక్సోటికా" అనే లాంగ్ ప్లే రికార్డు వెలువరించాడు. 1959లో అది అక్కడి అమ్మకాలలో అగ్రస్థానం అందుకొన్నది. ఇంటిలో కుర్చీలో కూర్చుండి చూడని దీవులను ఊహించుకోవటమే దాని వినోదం. కొంతకాలానికి అవన్నీ పాతసామాను దుకాణాలకు చేరినవి. పిమ్మట కొందరు ఓపికగా ఏరి, విని, వాటినిగురించి వ్రాయగా, ఆ చెత్తకే మరల విలువ వచ్చినది. విలువ వస్తువులో ఎంత ఉన్నదో, వినేవారి చెవిలోనూ అంతే ఉన్నది.

నాకీ వ్యసనం అంటించినది రేడియోయే. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు దాదాపు తలుపు మూసినది. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చి తెరచినది. ఆ నడుమ ఇంటింటా సిలోను ముల్లు తిరిగినది. తరువాతకూడ మా ఇంట సిలోను మానలేదు. తెలుగు పాటలు వినిపించే మీనాక్షి పొన్నుదురైగారి గొంతు మా ఇంటిమనిషి గొంతువలె ఉండేది. నేను ఆర్ట్స్ కళాశాలలో చదువుకొనే రోజులలో, గురువారంనాడు జుమేరాత్ బజారుకు వెళ్ళి, తాళాలూ తూకపురాళ్ళూ అమ్మేవారి గోనెపట్టాలమీద రికార్డులు వెదకేవాడిని. 1970 ప్రాంతంలో 78 రికార్డుల తయారీ మన దేశంలో ఆగినది. ఆ తరువాత వాటిని కొననివారే గాని అమ్మనివారు లేరు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పాతికేండ్ల క్రిందట ఆ బజారులోనే ఒక నాటకపద్యాల రికార్డు దొరికినది. బూజు పట్టి ఉన్నది. లాంగ్ ప్లే రికార్డులను స్పిరిటు కలిపిన నీటితో తుడుస్తారని విని, దూదితో స్పిరిటు అద్ది ఒకవైపు తుడిచాను. దూది నల్లబడినది. మురికి వదులుతున్నదని సంతోషించాను. వదులుతున్నది మురికి కాదు, పాట. లక్క స్పిరిటులో కరుగుతుందని వడ్రంగి మేస్త్రీకి తెలుసు. విశ్వవిద్యాలయంలో చదివిన నాకు తట్టలేదు. ఆరిన తరువాత ముల్లు పెడితే వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండవవైపు తుడవలేదు గనుక బ్రతికినది.

కొన్నాళ్ళకు మా వెనుక వీధి పెద్దావిడ ఒకరు వచ్చారు. రైల్వే కుటుంబం. ఆమె తండ్రి నాటక సమాజంలో హార్మోనియం వాయించేవారట. ఒక నటునితోపాటు మదరాసు వెళ్ళి రికార్డుకు వాయించి వచ్చారట. ఇంటిలో ఉన్న ప్రతి బదిలీలో పగిలిపోయినది. నటుని పేరు చెప్పగానే నేను ఆ రికార్డు తీసి, బ్రతికిన వైపు పెట్టాను. కాగితంమీద హార్మోనియం వాయించినవారి పేరు లేదు. పద్యం ముగిసి, రాగం వాలుతుండగా, హార్మోనియం ఒక్క క్షణం వెనుకబడి ఒక చిన్న మెలిక తిరిగినది. ఆమె చేయి ఎత్తి, "ఇదిగో, ఇది మా నాయన చేయి" అన్నారు. తరువాత, "రెండో వైపు ఏముంది బాబూ?" అని అడిగారు. నేను జరిగినది చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. "మళ్ళీ ఒకసారి పెట్టు" అన్నారు. ఆనాడు నాలుగుమార్లు పెట్టాను.

ఆ తరువాత నేను రెండు నియమాలు పెట్టుకొన్నాను. ఇంటికి వచ్చిన రికార్డును తడిపి పిండిన మెత్తని గుడ్డతో, కాగితం తడవకుండా తుడిచి, ముందుగా ధ్వనికి నకలు తీయటం మొదటిది. విన్నవారు చెప్పిన మాట వ్రాసిపెట్టటం రెండవది. హార్మోనియం వాయించిన ఆయన పేరు ఇప్పుడు నా పుస్తకంలో ఉన్నది. అంతకుముందు అది ఆ ఇంటిలో తప్ప ఎక్కడా లేదు.

సేకరించటం అంటే కూడబెట్టటం కాదని పెద్దలు చూపించారు. మదరాసులో వి.ఎ.కె. రంగారావుగారు నలభైవేలకు పైగా 78 రికార్డులు కూర్చటమేగాక, "ఆలాపన" శీర్షికతో వ్యాసాలు వ్రాసి, ఎవరు కట్టారో ఎవరు పాడారో మనకు తెలియజెప్పారు. ఆస్ట్రేలియా దేశీయుడు మైకేల్ కినియర్ మన దేశపు తొలి రికార్డుల పట్టికలు తయారుచేసి, 1994లో పుస్తకంగా ప్రకటించాడు. ఎక్కడివాడో అంత శ్రమ పడితే, మన ఇంటి అటకను మనం చూడకపోవటం న్యాయమా?

కనుక శ్రోతలకు నా మనవి ఇది. మీ ఇంట పాత రికార్డులు ఉంటే ఒకదానిమీద ఒకటి పేర్చకండి. పుస్తకాలవలె నిలువుగా పెట్టండి. ఎండ తగలనీయకండి. స్పిరిటు ముట్టించకండి. లాంగ్ ప్లే ముల్లు వీటి గాడికి సన్ననిది. అది గాడి అడుగున దొర్లి రొద చేస్తుంది. 78కి తగిన వెడల్పు ముల్లే వాడండి. రికార్డుమీద కంపెనీ పేరు, సంఖ్య, కాగితం చుట్టూ నున్నని భాగంలో చెక్కిన అంకెలు, ఇవన్నీ ఒక కాగితంమీద వ్రాయండి. పాటల పుస్తకం ఉంటే దానిని రికార్డుతో కలిపి ఉంచండి. నకలు తీయగలవారిచేత తీయించండి. అన్నిటికంటె ముందు, ఇంటిలో పెద్దవారిని కూర్చుండబెట్టి వినిపించి, వారు చెప్పినది వ్రాసికొనండి. రికార్డు మరొక ఏభై ఏండ్లు ఆగవచ్చును, వారు ఆగరు.

"వీటిలో ఏమున్నది?" అన్న ప్రశ్నకు నా సమాధానం అడిగినవారినిబట్టి ఉంటుంది. వెనుక వీధి పెద్దావిడకు అందులో తండ్రి చేయి ఉన్నది. మీ ఇంటి రికార్డులో ఎవరున్నారో నేను చెప్పలేను. ఈ ఆదివారం తీసి, వినండి.