మన చేతులతో గిటార్ స్పీకర్ పెట్టె
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

చదువుల గురించి, ఉద్యోగాల గురించి ఈ వేదిక మీద చాలామంది చెబుతారు. హాస్టల్ పిల్లల మధ్య ఉండేవాళ్లం కాబట్టి మేము మీకు బాగా ఇష్టమైన గిటార్ గురించి, దాని పక్కన ఉండాల్సిన పెట్టె గురించి చెప్పాలనుకున్నాం.

మన ప్రధానులు వాయించే కిక్రిని దగ్గరగా చూడండి. తొలిచిన కర్ర, దాని మీద తోలు, ఆపైన తీగలు. పద్మశ్రీ దర్శనం మొగిలయ్య గారి కిన్నెరకు ఎండిన సొరకాయ బుర్రలు ఉంటాయి. తీగ ఒక్కటే ఉంటే పక్కనున్న మనిషికి కూడా సరిగా వినపడదు. దాని గొంతును పెద్దది చేసేది కడుపు. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆ కడుపు లేదు, అది గట్టి చెక్క. అందుకే దాని కడుపు బయట, స్పీకర్ పెట్టె రూపంలో ఉంటుంది. కిక్రి కడుపును మన పెద్దలు చేత్తో చేసుకున్నారు. గిటార్ కడుపును మనం ఎందుకు చేసుకోలేం?

ఇప్పుడు మన గూడేల్లో కార్యక్రమం అంటే డీజే బాక్సులు అద్దెకు తెస్తున్నాం. గిటార్ తీగను వాటిలోనే గుచ్చుతున్నాం. డిస్టార్షన్ పెట్టగానే రేకు మీద మేకుతో గీసినట్టు వస్తుంది. కారణం ఉంది. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది, ఆ గరగర చెవిదాకా రాదు. డీజే బాక్సులో ఉండే హారన్ ఆ గరగరనంతా బయటకు పంపుతుంది. పైగా ఆ బాక్సుల హోరులో పెప్రె, ధోల్ ఎక్కడున్నాయో తెలియదు. వాకిట్లో పదిమంది కూర్చుని వాయించుకోవడానికి 12 అంగుళాల స్పీకర్ ఒక్కటి చాలు. దాని పక్కన ధోల్ కూడా వినపడుతుంది.

ఇక కొలతలు రాసుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. పై పలక, కింది పలక 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు. పక్క పలకలు రెండు, 16½ పొడవు, 10 వెడల్పు. స్పీకర్ బిగించే ముందు పలక 18½ × 16½. వెనుక పలకలు రెండు, ఒక్కొక్కటి 18½ × 5. వీటిని వెనుక పైనొకటి, కిందొకటి బిగిస్తే మధ్యలో 6½ అంగుళాల ఖాళీ మిగులుతుంది. దీన్ని ఓపెన్ బ్యాక్ అంటారు. మూసిన పెట్టెకు లోపలి గాలి కొలత స్పీకర్‌కు తగ్గట్టు ఉండాలి. ఓపెన్ బ్యాక్‌కు అంత పట్టింపు లేదు, కొత్తవాళ్లకు ఇదే మంచిది. 8 × 4 అడుగుల షీట్ ఒకటి కొని ముందే గీతలు గీసుకుని కోస్తే ఇలాంటి పెట్టెలు మూడు వస్తాయి. ముగ్గురు కలిసి కొంటే ఖర్చు మూడో వంతే.

అడవిలో చెట్టు ఉంది కదా, ప్లైవుడ్ ఎందుకని కొందరు అడుగుతారు. పచ్చి చెక్క ఆరే కొద్దీ వంగుతుంది, అతుకులు విడిపోతాయి. పార్టికల్ బోర్డు చవక, కానీ మన వానల్లో తడి తగిలితే ఉబ్బిపోతుంది. పలుచటి పలక పెడితే స్పీకర్‌తో పాటు అదీ అదురుతుంది. అందుకే 18 మిల్లీమీటర్లు. అతుకుల లోపల అంగుళం రీపులు పెట్టి, ఫెవికాల్ రాసి, స్క్రూలు బిగించి, ఒక రోజు కదపకుండా ఉంచండి. ముందు పలకను అంచు నుంచి ఒక అంగుళం లోపలికి బిగించండి, స్పీకర్‌కు దెబ్బ తగలదు. 12 అంగుళాల స్పీకర్‌కు రంధ్రం సాధారణంగా 11 అంగుళాల పైన కొద్దిగా ఉంటుంది. అయినా స్పీకర్ చేతికి వచ్చాక దాన్ని కొలిచే కోయండి. ముందు కట్టే గుడ్డ పలుచగా ఉండాలి. నోటితో ఊదితే అవతలికి గాలి తగిలితే అది పనికొస్తుంది. పలుచటి గోనె గుడ్డయినా సరే.

పొదుపు ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయకూడదో చెబుతాం. రంగు, చక్రాలు, మూలల రేకులు తర్వాత చూసుకోవచ్చు. ఖర్చులో పెద్ద భాగం స్పీకర్‌కే పెట్టండి. దాని వాట్లు ఆంప్లిఫయర్ వాట్ల కంటే ఎక్కువ ఉండాలి. ఆంప్లిఫయర్ వెనుక ఎన్ని ఓమ్‌లు అని రాసి ఉంటుంది, అంతకంటే తక్కువ ఓమ్‌ల స్పీకర్ పెట్టకండి. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పారలల్‌గా కలిపితే 4 అవుతుంది, సిరీస్‌లో కలిపితే 16. పదో తరగతి భౌతికశాస్త్రంలో మీరు చదివిన పాఠమే ఇది. స్పీకర్‌కు గిటార్ కేబుల్ వాడకండి, రెండు పోగుల మందపాటి రాగి తీగ వాడండి. ప్లస్, మైనస్ తెలియకపోతే పెన్సిల్ సెల్ ఒకటి క్షణం తాకించండి. కాగితం శంకువు ముందుకు వస్తే సెల్ ప్లస్ తాకిందే స్పీకర్ ప్లస్.

గిటార్ లావు తీగ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బేస్ గిటార్ లావు తీగ సుమారు 41. కాబట్టి ఈ పెట్టెకు బేస్ గిటార్ తగిలించకండి, స్పీకర్ పాడవుతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాం. బోర్డులో పట్టడం లేదని ప్లగ్గు మూడో కాలు విరగ్గొట్టే అలవాటు మన దగ్గర ఉంది. అది ఎర్త్. అది లేని ఆంప్లిఫయర్‌లో కరెంటు లీకైతే గిటార్ తీగల మీదికి వస్తుంది. చేతిలో తీగ, పెదవికి మైకు, ప్రాణం పోవచ్చు. మూడు కాళ్ల బోర్డు పెట్టించండి. తడి నేల మీద, చెప్పులు లేకుండా వాయించకండి. పెట్టె పని మీది, ఆంప్లిఫయర్ మూత తీసే పని మెకానిక్‌ది. ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు నిలిచి ఉండొచ్చు.

లండన్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్స్ మాస్టారు 1960లలో తన సంగీత దుకాణం నుంచే ఆంప్లిఫయర్లు, పెట్టెలు చేయించడం మొదలుపెట్టారు. అప్పటి స్పీకర్లు ఎక్కువ వాట్లు తట్టుకోలేవు కాబట్టి నాలుగింటిని ఒకే పెట్టెలో పెట్టారు. ఆ పేరు ఇప్పుడు ప్రపంచంలో గిటార్ పట్టుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. ఆ పని మొదలైంది ఒక చిన్న దుకాణంలో.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే దండారికి ముందు ప్రతి గూడెంలో ఒక్క పెట్టె తయారు చేయండి. వడ్రంగి పని తెలిసిన పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆడపిల్లల చేతికీ రంపం ఇవ్వండి. పెట్టె పూర్తయిన రోజు మొదట కిక్రి తాతను పిలిచి వాయించమనండి, తర్వాత మీ గిటార్ పట్టుకోండి. రెండూ కలిసి వినిపించేలా సౌండు తగ్గించుకోవడం కూడా అక్కడే నేర్చుకుంటారు.

జై సేవా. జై ఆదివాసీ.